సౌష్ఠవాన్వేషి సూరి భగవంతం

పాఠ్యభాగ పరిచయం

ప్రస్తుత పాఠ్యభాగం జీవితచరిత్ర ప్రక్రియకు చెందినది. ఒక వ్యక్తి జీవితంలోని ముఖ్య ఘట్టాలను, ఆ వ్యక్తి సాధించిన కార్యాలను, వాటి వెనుకనున్న దృక్పథాన్ని మరొకరు క్రమబద్ధంగా రచిస్తే అది జీవితచరిత్ర అవుతుంది. శాస్త్రవేత్తగా, ఆచార్యుడిగా, పరిపాలకుడిగా జాతికి సేవచేసిన ఆచార్య సూరి భగవంతం జీవితం ఈ పాఠానికి ఇతివృత్తం. ప్రయోగానికి పూనుకొనే ముందే ప్రకృతి దేనిని అనుమతిస్తుంది, దేనిని నిషేధిస్తుంది అని ప్రశ్నించే సౌష్ఠవ విచారణను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున మాదాపూర్ నుంచి గచ్చిబౌలి మీదుగా సాగే దారిలో ప్రయాణించేవారికి రెండు కాలాలు ఒకేచోట దర్శనమిస్తాయి. ఒకవైపు కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు బండలు, వాటి సరసనే ఆకాశాన్ని తాకే గాజు సౌధాలు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతం హైటెక్ సిటీగా, సైబరాబాదుగా ప్రపంచానికి పరిచితమైంది. ఇక్కడ ఉద్యోగం సంపాదించాలన్నది నేడు ఎందరో విద్యార్థుల స్వప్నం. వారి తల్లిదండ్రుల ఆకాంక్ష కూడా అదే.

ఆ సౌధాలలో పనిచేసే కంప్యూటర్లన్నింటికీ మూలాధారం ఎలక్ట్రాన్ల కదలిక. సిలికాన్ చిప్పులోని ట్రాన్సిస్టరులలో కొద్ది నానోమీటర్ల మందంగల పలుచని పొరలో ఎలక్ట్రాన్లు ప్రవహిస్తాయి. నానోమీటరు అంటే మీటరులో నూరుకోట్లవ వంతు. అటువంటి పొరలను రెండింటిని ఒకదానిపై ఒకటి చేర్చి, నడుమ ఎలక్ట్రాన్లు దాటలేని అడ్డుగోడను నిలిపితే ఏమవుతుంది? ఒక పొరలో విద్యుత్తును ప్రవహింపజేస్తే రెండవ పొరలోని ఎలక్ట్రాన్లు నిశ్చలంగా ఉంటాయా? ఉండవు. కాలువలో ఒక పడవ సాగితే లేచిన అలలకు పక్కనున్న పడవ కూడా ఊగినట్లు, మొదటి పొరలోని ఎలక్ట్రాన్ల వికర్షణకు రెండవ పొరలోని ఎలక్ట్రాన్లు లోనై అదే దిశలో ఈడ్వబడతాయి. ఒకదానినొకటి తాకని రెండు పొరల మధ్య కలిగే ఈ విచిత్ర ఘర్షణను భౌతిక శాస్త్రవేత్తలు కూలుంబ్ ఈడ్పు అని వ్యవహరిస్తారు. ఈ పొరలకు లంబంగా అయస్కాంత క్షేత్రాన్ని నెలకొల్పితే ఆ ఈడ్పు మరింత విచిత్రంగా మారుతుంది.

ఇటువంటి ప్రశ్నలు ఎదురైనప్పుడు పరికరాలను సమకూర్చుకోవడానికి ముందే ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. ఇక్కడ ఏ ఫలితాలు సంభవం, ఏవి అసంభవం అన్నదే ఆ విషయం. ఆ నిర్ణయాన్ని వస్తువు సౌష్ఠవాన్ని బట్టి చేయవచ్చు. ఈ విద్యను మన దేశంలో, మన తెలుగునేలమీద పెంచి పోషించిన మహనీయులలో ఆచార్య సూరి భగవంతం అగ్రగణ్యులు.

భగవంతం 1909 అక్టోబరు 14వ తేదీన కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. శోభనాచల క్షేత్రంగా ప్రసిద్ధిచెందిన ఆ గ్రామం 2022లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ ఫలితంగా ఏలూరు జిల్లాలో చేరింది. ఆయన ఉన్నత పాఠశాల విద్య గుడివాడలో సాగింది. అనంతరం హైదరాబాదులోని నిజాం కళాశాలలో చేరి భౌతికశాస్త్రంలో పట్టభద్రులయ్యారు. ఆ రోజులలో నిజాం కళాశాల నిజాం సంస్థానంలో ఉన్నప్పటికీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. ఆ విధంగా ఆంధ్ర ప్రాంతపు పల్లెలో పుట్టిన ఆ యువకుని శాస్త్రవిద్యకు హైదరాబాదు నగరమే పునాది వేసింది.

ఆనాటి యువకులకు పట్టం చేతికందగానే ఎదుట కనిపించే మార్గం ప్రభుత్వోద్యోగం. గుమాస్తా కొలువైనా, రెవెన్యూ శాఖలో కొలువైనా జీవితం స్థిరపడినట్లే భావించేవారు. శాస్త్ర పరిశోధనను జీవనోపాధిగా ఊహించడానికే వీలులేని కాలమది. పరిశోధనశాలలు బహుస్వల్పం, వాటిలో వేతనాలు అంతకంటే స్వల్పం. సరిగ్గా ఆ సమయంలో, 1928 ఫిబ్రవరి 28వ తేదీన, కలకత్తా నగరంలో చంద్రశేఖర వేంకట రామన్ కాంతికి సంబంధించిన ఒక నూతన సత్యాన్ని కనుగొన్నారు. ఒకే రంగు గల కాంతిని ఒక పదార్థం గుండా పంపితే చెదరి వెలువడే కాంతిలో మొదట లేని కొత్త రంగులు కొద్దిపాటిగా కనిపిస్తాయన్నదే ఆ సత్యం. నేడు ఆ దినాన్ని జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఆ ఆవిష్కరణతో దేశమంతటా యువకుల మనస్సులలో కొత్త ఉత్సాహం పొంగింది. భగవంతం ఆ ఏడాదే కలకత్తాకు వెళ్లి రామన్‌కు శిష్యులైనారు. పంతొమ్మిదేళ్ల వయస్సులో తీసుకొన్న ఆ నిర్ణయం ఆయన జీవితగమనాన్నే మార్చివేసింది.

కలకత్తాలోని భారతీయ విజ్ఞాన వర్ధనీ సంఘం పరిశోధనశాల ఆడంబరమైనది కాదు. పాదరసదీపం, కటకాలు, ఒక వర్ణపటలేఖిని, ఫోటోగ్రాఫు పలకలు, ఇవే అక్కడి ముఖ్య సాధనాలు. చెదరిన కాంతి అతిక్షీణమైనది కనుక పలకపై దాని రేఖలు పడడానికి గంటల తరబడి నిరీక్షించవలసి వచ్చేది. ఓర్పు, సూక్ష్మదృష్టి అక్కడ నిత్యసాధన. భగవంతం గురువు మెప్పును త్వరలోనే పొందారు. 1930లో వజ్రస్ఫటికం నుంచి చెదరే కాంతిని పరిశీలించి వ్యాసాలు ప్రకటించారు. ఆ సంవత్సరమే రామన్‌కు నోబెల్ పురస్కారం లభించింది.

మరుసటి సంవత్సరం, అంటే 1931లో, గురుశిష్యులిద్దరూ కలిసి మరొక గంభీరమైన ప్రశ్నను చేపట్టారు. కాంతి ఫోటాన్లు అనే శక్తికణాలుగా ప్రసరిస్తుందని అప్పటికే స్థిరపడింది. ఆ కణానికి తనదైన భ్రమణం, అంటే స్పిన్ ఉన్నదా అన్నది వారు ఎత్తుకొన్న ప్రశ్న. అణువులనుంచి చెదరిన కాంతి ఎంత మేరకు ధ్రువణాన్ని కోల్పోతున్నదో కొలిచి, ఫోటాన్‌కు స్పిన్ ఉన్నదని ఆ కొలతల ఆధారంగా వారు ప్రతిపాదించారు. ఇరవైరెండేళ్ల యువకుడు నోబెల్ బహుమతి గ్రహీత సరసన నిలిచి ప్రకటించిన ఈ పరిశోధన భారతీయ విజ్ఞాన చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం.

1932లో భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్ర ఉపన్యాసకులుగా చేరారు. ఆ విశ్వవిద్యాలయం 1926లో స్థాపితమైంది. భగవంతం చేరిన కాలానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ దానికి ఉపాధ్యక్షులు. విజ్ఞాన కళాశాల అప్పుడప్పుడే రూపుదిద్దుకొంటున్నది. భగవంతం బోధన, పరిశోధన రెండింటిలోనూ విశేష ప్రతిభ కనబరచి 1938 నాటికే, ఇంకా ముప్పై ఏళ్లు నిండకుండానే, ఆచార్య పదవిని అలంకరించారు. ఆయన జీవితంలో అత్యంత ఫలవంతమైన శాస్త్రకృషి వాల్తేరులోనే సాగింది. ఆ కృషికి కేంద్రబిందువు సౌష్ఠవం.

సౌష్ఠవం అంటే ఏమిటి? ఒక వస్తువును తిప్పినా, అద్దంలో చూసినా అది మునుపటివలెనే కనిపిస్తే దానికి ఆ మేరకు సౌష్ఠవం ఉన్నదని అంటాం. మన వాకిళ్లలో తీర్చే చుక్కల ముగ్గును పావువంతు తిప్పినా అది అదే ముగ్గుగా కనిపిస్తుంది. స్ఫటికంలో పరమాణువులు అటువంటి క్రమంలోనే అమరి ఉంటాయి. అమరికను బట్టి సమస్త స్ఫటికాలను 32 తరగతులుగా విభజించవచ్చునని పంతొమ్మిదవ శతాబ్దంలోనే శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. ఈ సౌష్ఠవాలను లెక్కించడానికి గణితంలో సమూహ సిద్ధాంతం అనే శాఖ ఉంది. అద్దంవంటి అమూర్త భావనను పదార్థ గుణాలను లెక్కగట్టే సాధనంగా మార్చడానికి ఆ సిద్ధాంతం ఉపకరిస్తుంది.

సాహిత్య విద్యార్థులు ఈ విషయాన్ని ఛందస్సుతో పోల్చి సులభంగా గ్రహించవచ్చు. ఉత్పలమాల పాదంలో భ, ర, న, భ, భ, ర, వ అనే గణాలు వరుసగా వస్తాయి. పాదానికి అక్షరాలు ఇరవై, యతిస్థానం పదవ అక్షరం. ఈ నియమం ఎరిగినవాడు పద్యాన్ని వినకముందే ఏ స్థానంలో గురువు ఉంటుందో, ఏ స్థానంలో లఘువు ఉంటుందో చెప్పగలడు. అయితే ఆ పద్యంలోని భావమేమిటో, రసమేమిటో ఛందస్సు చెప్పజాలదు. సౌష్ఠవం కూడా ఇంతే. ఒక స్ఫటికం నుంచి చెదరే కాంతిలో ఎన్ని కొత్త రేఖలు కనిపించవచ్చునో అది ముందుగానే చెబుతుంది. ఆ రేఖలు ఎంత ప్రకాశంగా ఉంటాయన్నది మాత్రం ప్రయోగం వల్లనే తెలియాలి.

1939లో భగవంతం తమ సహపరిశోధకులైన టి. వేంకటరాయుడుతో కలిసి, స్ఫటికాల రామన్ రేఖలను సౌష్ఠవాన్ని బట్టి లెక్కించే ఒక సువ్యవస్థితమైన పద్ధతిని ప్రకటించారు. శాస్త్రలోకంలో అది నేటికీ భగవంతం-వేంకటరాయుడు పద్ధతిగా వారి పేరుమీదనే చెలామణిలో ఉంది. గోలకొండ పేరును ప్రపంచమంతటా మారుమోగించిన వజ్రాన్నే ఉదాహరణగా తీసుకొందాం. అది ఎంత విలువైనదైనా రామన్ వర్ణపటంలో దానికి ఒక్క ప్రాథమిక కంపనరేఖకే అర్హత ఉన్నదని సౌష్ఠవం శాసిస్తుంది. ప్రయోగంలో కనిపించేది కూడా ఒక్క రేఖే. దాని స్థానం సెంటీమీటరుకు 1332 తరంగాలు. ఇక సున్నపురాయిలో ఉండే కాల్సైటు విషయం చూద్దాం. దాని మౌలిక గడిలో పది పరమాణువులు ఉంటాయి. ఒక్కొక్కటి మూడు దిక్కులలో కదలగలదు కనుక మొత్తం 30 విధాల కదలికలు సాధ్యం. వాటిలో రామన్ కాంతిలో వెలువడదగిన పౌనఃపున్యాలు ఐదు మాత్రమేనని సౌష్ఠవ గణన తేల్చిచెబుతుంది. వర్ణపటంలో ఆ ఐదే దర్శనమిస్తాయి. వజ్రమైనా, సున్నపురాయైనా ఆ నియమానికి బద్ధమే.

రెండవ ప్రపంచ యుద్ధం ఈ పరిశోధనలకు గొప్ప అవరోధం కలిగించింది. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణంపై జపాను విమానాలు బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించవలసి వచ్చింది. పరికరాలు, గ్రంథాలు, అధ్యాపకులు, విద్యార్థులు అందరూ స్థానభ్రంశం పొందిన దుర్భర సమయమది. అటువంటి కాలంలోనూ ఆగని పని ఒకటి ఉంది. కాగితం, కలం, సౌష్ఠవ గణితం చేతనున్నవానికి పరిశోధనశాల లేని లోటు కొంతవరకు తీరుతుంది.

ఆ 1942లోనే భగవంతం ఒక ప్రసిద్ధ సిద్ధాంతాన్ని సవరించే సాహసానికి పూనుకొన్నారు. స్ఫటికాన్ని నొక్కినప్పుడు దానిగుండా ప్రసరించే కాంతి గమనం మారుతుంది. ఆ మార్పును నిర్ణయించే స్థిరాంకాలు ఏ తరగతి స్ఫటికానికి ఎన్ని ఉండాలో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ పోకెల్స్ పంతొమ్మిదవ శతాబ్దం చివరలోనే నిర్ణయించారు. ఆ పట్టికలను దాదాపు అర్ధశతాబ్దం పాటు అందరూ ప్రమాణంగా స్వీకరించారు. ఘనాకృతి వర్గంలోని స్ఫటికాలన్నింటికీ మూడేసి స్థిరాంకాలు ఉంటాయని వాటిలో ఉంది. భగవంతం సమూహ సిద్ధాంతంతో మళ్లీ లెక్కించి, ఆ వర్గంలోనే సౌష్ఠవం తక్కువగా ఉన్న కొన్ని తరగతులకు నాలుగు స్థిరాంకాలు ఉండాలని నిరూపించారు. మనం నిత్యం వాడే పటిక ఆ తరగతులలో ఒకదానికి చెందినదే. అనంతరం జరిగిన ప్రయోగాలు ఆయన నిర్ణయాన్నే బలపరిచాయి. పూర్వుల మాటను గౌరవిస్తూనే దానిని తర్కంతో పరీక్షించడం శాస్త్రధర్మమని ఈ ఉదంతం తెలియజేస్తుంది. తెలియని దానిని కనుగొనడమే కాక, తెలిసిందనుకొన్న దానిలోని లోపాన్ని గుర్తించడం కూడా పరిశోధనే.

భగవంతం గ్రంథరచనలోనూ కృషిచేశారు. కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం గురించి ఆయన రచించిన ఆంగ్ల గ్రంథాన్ని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1940లో ప్రచురించింది. వేంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయిస్తూ రచించిన గ్రంథం 1948లో వెలువడింది. ఆ విషయంపై గ్రంథాలు అరుదుగా ఉన్న ఆ రోజులలో వాల్తేరులో వెలువడిన ఆ పుస్తకం దేశవిదేశాల విద్యార్థులకు కరదీపిక అయింది. చెవికి వినిపించని అతిధ్వనులను స్ఫటికాలలో ప్రసరింపజేసి వాటి స్థితిస్థాపకతను కొలిచే పరిశోధనలకు కూడా ఆయన వాల్తేరులో శ్రీకారం చుట్టారు.

స్వాతంత్ర్యం సిద్ధించిన తరువాత దేశానికి శాస్త్రజ్ఞులతో పాటు శాస్త్రసంస్థలను నిర్మించగల సమర్థులు కూడా అవసరమైనారు. 1948లో భారత ప్రభుత్వం భగవంతంను లండన్‌లోని భారత హైకమిషన్‌లో శాస్త్రీయ వ్యవహారాల బాధ్యతపై నియమించింది. తిరిగివచ్చిన తరువాత 1949లో ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేరారు. విద్యార్థిగా విడిచివెళ్లిన హైదరాబాదుకు ఆచార్యులుగా మరలివచ్చారు. 1952 నుంచి 1957 వరకు ఆ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా వ్యవహరించారు. అది బోధనభాష ఉర్దూ నుంచి ఆంగ్లానికి మారిన సంధికాలం. 1956లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవతరించినపుడు కూడా ఆ పదవిలో ఉన్నది ఆయనే. 1957లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులైనారు. పూర్వం ఆయన గురువు రామన్ అధిష్ఠించిన పీఠమది.

1961లో రక్షణమంత్రికి శాస్త్రీయ సలహాదారుగా, రక్షణ పరిశోధన అభివృద్ధి సంస్థకు అధిపతిగా భగవంతం నియమితులైనారు. మరుసటి సంవత్సరమే చైనాతో యుద్ధం జరిగింది. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం సంభవించింది. ఆయుధాలకు, లోహాలకు, ఎలక్ట్రానిక్ పరికరాలకు పరాయి దేశాలపై ఆధారపడితే కలిగే నష్టం దేశానికి కళ్లకు కట్టింది. 1969 వరకు సాగిన ఆయన పదవీకాలంలోనే హైదరాబాదులో క్షిపణులకు సంబంధించిన రక్షణ పరిశోధనశాల, లోహవిజ్ఞాన పరిశోధనశాల, ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల వేళ్లూనుకొన్నాయి. విజ్ఞాన నగరంగా హైదరాబాదుకు నేడున్న పేరు ఒక్కరోజులో వచ్చింది కాదు. గాజు సౌధాలు వెలవడానికి మూడు దశాబ్దాల ముందే ఇక్కడ శాస్త్రసాంకేతిక నిపుణులు తయారుకాసాగారు.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. ఇంతటి అధికార బాధ్యతల నడుమ ఒక శాస్త్రవేత్తకు తన శాస్త్రం మిగులుతుందా? సమావేశాలు, దస్త్రాలు, ప్రయాణాలు పగటిని హరించివేస్తాయి. పదవి పెరిగినకొద్దీ పరిశోధన తరిగిపోవడం లోకంలో తరచుగా చూస్తాం. భగవంతం ఆ ప్రమాదాన్ని ఎదుర్కొన్న తీరు గమనింపదగినది. ప్రయోగశాలకు దూరమైనప్పటికీ సౌష్ఠవ విచారణను ఆయన విడువలేదు. 1964లో పి.వి. పంతులుతో కలిసి అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవాన్ని గురించి పరిశోధన పత్రం ప్రకటించారు. 1966లో, అంటే రెండు యుద్ధాల అనంతరం రక్షణ సలహాదారుగా పనిచేస్తున్న కాలంలోనే, స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాల మీద ఆయన రచించిన ప్రామాణిక గ్రంథం విదేశాలలో ప్రచురితమైంది.

అయస్కాంత సౌష్ఠవంలోని విశేషమేమిటో కొంచెం పరిశీలిద్దాం. సాధారణ స్ఫటికాన్ని తిప్పి చూస్తాం, అద్దంలో చూస్తాం. అయస్కాంత పదార్థం విషయంలో కాలాన్ని వెనుకకు నడిపి కూడా చూడాలి. చలనచిత్రాన్ని వెనుకనుంచి ముందుకు ఆడించినట్లు ఊహించండి. నిశ్చలంగా ఉన్న విద్యుదావేశం ఎప్పటివలెనే ఉంటుంది. ప్రవహిస్తున్న విద్యుత్తు మాత్రం వ్యతిరేక దిశలో సాగుతుంది. అయస్కాంతత్వానికి మూలం ఎలక్ట్రాన్ల కదలిక, వాటి స్పిన్ కనుక అయస్కాంతపు ఉత్తరదక్షిణ ధ్రువాలు తారుమారవుతాయి. కాలవిపర్యయాన్ని కూడా లెక్కలోకి తీసుకొంటే 32 తరగతులు 122గా విస్తరిస్తాయి. సోవియట్ శాస్త్రవేత్త షుబ్నికోవ్ మొదలైనవారు ఈ తరగతులకు బాట వేయగా, వాటివల్ల అయస్కాంత స్ఫటికాలకు ఏయే ధర్మాలు అబ్బుతాయో లెక్కించడంలో భగవంతం బృందం కృషిచేసింది.

ఇప్పుడు పాఠం మొదట ప్రస్తావించిన ఎలక్ట్రాన్ పొరల వద్దకు మరలి వద్దాం. 1879లో అమెరికాకు చెందిన ఎడ్విన్ హాల్ పలుచని బంగారు రేకులో విద్యుత్తును ప్రవహింపజేసి, రేకుకు లంబంగా అయస్కాంత క్షేత్రాన్ని నెలకొల్పారు. అప్పుడు ప్రవాహానికి అడ్డంగా, రేకు రెండు అంచుల నడుమ వోల్టేజి ఏర్పడింది. అయస్కాంతం లేనప్పుడు ఆ అడ్డు వోల్టేజి ఎందుకు లేదు? ప్రవాహం వెంట ఒక నిలువుటద్దాన్ని నిలిపినట్లు భావించండి. అద్దంలో ప్రవాహం మారదు, ఎడమ కుడి మాత్రం తారుమారవుతాయి. బింబం, ప్రతిబింబం ఒకే విధంగా ఉన్నప్పుడు వోల్టేజి ఎడమనో కుడినో ఎంచుకోవడానికి హేతువు లేదు. కనుక అది శూన్యం. లంబంగా అయస్కాంత క్షేత్రం ఉంటే దానితో ఒక తిరుగుడు దిశ ముడిపడి ఉంటుంది. అద్దంలో ఆ తిరుగుడు విపరీతమవుతుంది. సౌష్ఠవం భంగమవుతుంది, అడ్డు వోల్టేజికి అనుమతి లభిస్తుంది.

రెండు పొరల ఈడ్పుకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. అటువంటి ఈడ్పు ఉండవచ్చునని సోవియట్ శాస్త్రవేత్త పోగ్రెబిన్‌స్కీ 1977లో సూచించారు. 1991లో అమెరికాలో గ్రమీలా, ఐసెన్‌స్టైన్ ప్రభృతులు గాలియం ఆర్సెనైడ్ స్ఫటికంలో కొద్ది పదుల నానోమీటర్ల దూరంలో నిలిపిన రెండు ఎలక్ట్రాన్ పొరల నడుమ దానిని కొలిచారు. అయస్కాంతం లేనంతవరకు రెండవ పొరలోని ఈడ్పు వోల్టేజి ప్రవాహ దిశకు అనుగుణంగా మాత్రమే ఏర్పడుతుంది. అడ్డంగా ఏర్పడడానికి సౌష్ఠవం అనుమతించదు. బలమైన అయస్కాంత క్షేత్రం ఆ నిషేధాన్ని తొలగిస్తుంది. అయితే అనుమతి దొరికినంత మాత్రాన ఫలితం ఎంత ఉంటుందో సౌష్ఠవం చెప్పదని మనకు తెలుసు. ఆ పరిమాణాన్ని 2002లో కాల్‌టెక్‌లో జరిగిన ప్రయోగం వెల్లడించింది. పొరలు మిక్కిలి చేరువగా ఉండి, అతిశీతల స్థితిలో, తగిన అయస్కాంత క్షేత్రంలో ఉన్నప్పుడు ప్రవాహ దిశలోని ఈడ్పు దాదాపు అదృశ్యమైంది. అడ్డంగా ఏర్పడిన వోల్టేజిని మొదటి పొరలోని ప్రవాహంతో భాగించగా వచ్చిన విలువ సుమారు 25,813 ఓములు. అది కేవలం ప్లాంక్ స్థిరాంకం, ఎలక్ట్రాన్ ఆవేశాల మీద ఆధారపడిన ప్రాకృతిక సంఖ్య. విడివిడిగా ఉన్న రెండు పొరలు ఒకే ప్రాణమైనట్లు వర్తించాయన్నమాట.

ఈ ప్రయోగాలను చూసే అవకాశం భగవంతంకు లభించలేదు. 1989 ఫిబ్రవరి 6వ తేదీన ఆయన కీర్తిశేషులైనారు. రెండు పొరల ఈడ్పును తొలిసారి కొలిచింది ఆ తరువాత రెండేళ్లకు. ఆ ప్రయోగాలకు ఆయన కర్త కారు. అయినా ఒక కొత్త పదార్థం చేతికి రాగానే దాని సౌష్ఠవమేమిటి, అది దేనిని అనుమతిస్తుంది అని మొట్టమొదట ప్రశ్నించే పద్ధతి నేడు ప్రపంచంలోని ప్రతి భౌతికశాస్త్ర పరిశోధనశాలలోనూ నిత్యాచారం. ఆ ఆచారాన్ని నెలకొల్పిన తొలితరం ఆచార్యులలో ఆగిరిపల్లి బిడ్డడు ఒకరు కావడం తెలుగువారికి గర్వకారణం.

హైటెక్ సిటీకి అనతిదూరంలోనే గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం, గోపనపల్లి వద్ద టాటా మౌలిక పరిశోధన సంస్థ ప్రాంగణం ఉన్నాయి. గాజు సౌధాలవైపు సాగే దారి, పరిశోధనశాలలవైపు సాగే దారి పక్కపక్కనే ఉన్నాయి. మొదటి దారిలో నడిచేవారికి అన్నం దొరుకుతుంది, గౌరవం లభిస్తుంది. అందులో తప్పు లేదు. కాని ఆ యంత్రాలు ఎలా పనిచేస్తున్నాయి, అలాగే ఎందుకు పనిచేయాలి అని అడిగేవారు కొందరైనా లేకపోతే మొదటి దారి కూడా ఏదో ఒకనాడు ఆగిపోతుంది. 1928లో పంతొమ్మిదేళ్ల యువకుడు స్థిరమైన కొలువును కాదని కలకత్తా రైలెక్కినది ఆ ప్రశ్నకోసమే. పట్టం అందుకోబోయే ప్రతి విద్యార్థి ముందూ ఆ రెండు దారులు నేటికీ తెరిచే ఉన్నాయి.

కఠిన పదాలు – అర్థాలు

సౌష్ఠవం = సమమైన అమరిక, తిప్పినా ప్రతిబింబించినా మారని పొందిక
వికర్షణ = దూరంగా నెట్టివేయడం
పరిక్షేపణం = కాంతి అన్ని దిక్కులకు చెదరడం
అమూర్తం = రూపం లేనిది
కరదీపిక = చేతిదివ్వె, మార్గదర్శకమైన గ్రంథం
విపర్యయం = తారుమారు కావడం
ప్రభృతులు = మొదలైనవారు
అనతిదూరం = ఎక్కువ దూరం కానిది

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. సూరి భగవంతం వాల్తేరులో సాగించిన శాస్త్రకృషిని వివరించండి.
2. అధికార బాధ్యతల నడుమ భగవంతం తన శాస్త్రాన్ని నిలుపుకొన్న తీరును విశ్లేషించండి.

ఆ. కింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు రాయండి.
1. సౌష్ఠవానికి, ఛందస్సుకు గల పోలికను తెలపండి.
2. పోకెల్స్ పట్టికలను భగవంతం ఏ విధంగా సవరించారు?
3. అయస్కాంత క్షేత్రం లేనప్పుడు అడ్డు వోల్టేజి ఎందుకు ఏర్పడదు?
4. రెండు ఎలక్ట్రాన్ పొరల నడుమ కలిగే ఈడ్పు అంటే ఏమిటి?

ఇ. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. సూరి భగవంతం ఎక్కడ జన్మించారు?
2. రామన్‌తో కలిసి భగవంతం 1931లో ప్రతిపాదించిన విషయమేది?
3. వజ్రానికి రామన్ వర్ణపటంలో ఎన్ని ప్రాథమిక రేఖలు ఉంటాయి?
4. భగవంతం ఏ సంవత్సరంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులైనారు?

ఈ. కింది పదాలకు సంధి విడదీసి, సంధి పేరు రాయండి.
1. సౌష్ఠవాన్వేషి 2. మూలాధారం 3. ప్రభుత్వోద్యోగం 4. దినోత్సవం